గ్రైండర్ కోసం లాగిన ప్లగ్గు

మూడు రోజులుగా మా ఇంట్లో కంప్యూటర్ లేవడం లేదు. నల్లటి తెర మీద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరిగి, ఆగి, మళ్లీ మొదలవుతాయి. మూత విప్పి చూస్తున్న మా అబ్బాయి, గుమ్మంలో నిలబడ్డ కోడలి మీద ఎగిరాడు.

"నీ బడి పెన్‌డ్రైవ్ పెట్టీసినావు. వైరస్సు రాక ఏటవుతాది?"

కోడలు టీచరు. ప్రశ్నపత్రాలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి.

విప్పిన కంప్యూటర్ లోంచి వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. మన కాలపు వాల్వు రేడియోల వాసన, గుర్తుందా? వేడెక్కి, పచ్చదీపం వెలిగాక గానీ నోరు విప్పేవి కావు. చిన్నప్పుడు పాతపట్నంలో మా నాన్న రేడియోకి వెనక అట్ట తీసి, లోపలంతా తడిగుడ్డతో తుడిచిన ఘనురాలిని నేనే. అది మూగబోయింది. ఆవిడే పాడుచేసిందనుకోవడంతో, తిట్లు మాత్రం మా ఇంట్లోనే ఉండే మేనత్త తింది. బాగుచేయించాక కూడా ఆవిడ దాన్ని ముట్టలేదు. గుమ్మం అవతల నిలబడి పాటలు వినేది. నేను లోపల చాప మీద కూర్చుని వినేదాన్ని. ఆవిడ పోయేదాకా నిజం చెప్పలేదు.

"ఒరే, దాన్ననకు. అప్‌డేట్ అవుతాంది, ఆపొద్దని తెర మీద రాసున్నా, గ్రైండర్ పెట్టుకోడానికి ప్లగ్గు లాగీసింది నేనే" అన్నాను.

"సదువుకున్నదానివి గదే అమ్మా!"

"సదివే లాగినాన్రా."

కోడలు లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది. "అత్తయ్యా, ప్రశ్నపత్రాలు మళ్లీ మీరే రాసియ్యాల."

రాస్తున్నాను. నాకు ఇలాంటి శిక్ష వేసే అవకాశం మా మేనత్తకి నేనివ్వలేదు.