మెట్ల కింది ఫర్మ్లీగారు

ఆ మూడంతస్తుల మేడలో అన్ని గదుల్లోనూ అద్దెకున్నవాళ్ళు మారారు గానీ మెట్ల కింద ఉన్నాయన మాత్రం మారలేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక పాత టైపు మిషను, నెత్తిన మెట్ల వంపు. పొడుగాటివాళ్ళు వస్తే తల వంచుకునే కూర్చోవాలి. అర్జీ పెట్టుకునేవాడికి ఆ మాత్రం వినయం ముందే అలవాటవడం మంచిదనేవాడు ఆయన.

అందరూ ఆయన్ని ఫర్మ్లీగారు అనేవారు. అసలు పేరు వాళ్ళావిడకైనా గుర్తుందో లేదో. ఇంగ్లీషులో అర్జీలు, ఫిర్యాదులు, నోటీసులు, జవాబులు కొట్టిపెట్టడం ఆయన వృత్తి. సంగతిదేముంది, ఎవరైనా రాస్తారు. దాన్ని ఎంత గట్టిగా చెప్పాలో తూచడంలోనే ఉంది పనితనమంతా. చిన్నప్పుడు కాన్వెంటులో ఒక సిస్టరు ఎక్కించిన విద్య అది. ఆవిడకి బెత్తం ఉండేది గానీ దానికి పని ఉండేది కాదు. ఒక్క మాట ఒత్తి పలికిందంటే చివరి బెంచీ కూడా నిటారుగా కూర్చునేది.

ఎవరైనా వచ్చి గట్టిగా రాయమంటే ఆయన కళ్ళజోడు పైకి తోసి, ఎంత గట్టిగా అని అడిగేవాడు. వాళ్ళు తెల్లమొహం వేస్తే విడమరిచి చెప్పేవాడు. ఫర్మ్లీ అంటే కుర్చీలోంచి లేవకుండానే కుదరదనడం. స్ట్రాంగ్లీ అంటే లేచి నిలబడి అనడం. ఎంఫాటికల్లీ అయితే బల్ల గుద్దాలి. వెహిమెంట్లీ అయితే ఆ గుద్దుకి గ్లాసులో నీళ్ళు ఎగిరి ఎదుటివాడి చొక్కా మీద పడాలి. అన్నిటికీ పైన కేటగారికల్లీ ఒకటుంది. అది తలుపేసి గడియ పెట్టడం. ఇంక అవతల ఎవరు ఏడ్చినా మనకు వినపడదు. వచ్చినవాళ్ళలో నూటికి తొంభైమంది వెహిమెంట్లీయే కావాలనేవారు. ఆయన వాళ్ళ వాలకం చూసి ఫర్మ్లీ ఇచ్చి పంపేవాడు. ఆ పేరు అలా వచ్చింది.

"నీ మొహం మోయలేని మాట రాసిస్తే, రేపు వాళ్ళు పిలిచినప్పుడు వెళ్ళి నిలబడాల్సింది నువ్వయ్యా, నేను కాదు" అనేవాడు.

ఒక్క దర్జీకి మాత్రం, కాళ్ళావేళ్ళా పడ్డాడని, పక్కింటివాళ్ళ కోడి గురించి వెహిమెంట్లీ రాసిచ్చాడట. ఉత్తరం అందిన పూటే కోడి కూత మానేసిందట. మూడోనాటికి పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేశారట. దర్జీ కూడా ఆ ఉత్తరం నకలు ఇంట్లో ఉంచుకోవడానికి జడిసి తెచ్చి ఇచ్చేశాడట. ఏదీ ఆ నకలు, చూపించండి అంటే, చెదలు తినేశాయనీ, ఆ చెదలు మాత్రం బతికి బట్టకట్టాయా అనీ అనేవాడు.

ముప్పై ఏళ్ళు ఇలా నల్లేరు మీద బండిలా సాగాక, ఒకరోజు మేడ మేనేజరు వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. మేనేజరు మంచివాడే, ఒట్టి మొహమాటస్థుడు. ఇంగ్లీషులో సంతకం దాటి ఏమీ రాదు కాబట్టి నోటీసులన్నీ ఫర్మ్లీగారి చేతే కొట్టించేవాడు. ఈసారి వచ్చిన పని ఏమిటంటే, ఎక్కడో దూరాన ఉండే ఓనరమ్మ నీళ్ళ మోటారు పెట్టించాలనుకుంటోంది. దానికి మెట్ల కింద చోటు కావాలట.

"మెట్ల కింద ఉన్నాయనకి ఒక నోటీసు కొట్టాలండీ" అన్నాడు మేనేజరు, గోడ మీద బల్లిని చూస్తూ.

ఫర్మ్లీగారు మిషనులో కాగితం ఎక్కించాడు. "ఎంత గట్టిగా?"

"మీ ఇష్టమండీ. ఆయన మీకు బాగా తెలిసినవాడే కదా."

ఆ చోటు పోతే ఇంక ఇంటికే పోవాలి. ఇంటి సంగతి వాళ్ళావిడ ఏనాడో తేల్చేసింది. పొద్దస్తమానం ఇంట్లో ఆ టకటక మొదలైతే తను పుట్టింటికి పోతానంది. పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు కదా అని ఆయన గుర్తుచేస్తే, అయితే మరీ ప్రశాంతంగా ఉంటుందంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. దాని అవసరమూ ఎప్పుడూ పడలేదు.

నోటీసులో 'హంబ్లీ' అని, అంటే చేతులు కట్టుకుని అడుగుతున్నట్టు, ఒక్క మాట దూరిస్తే చాలు, అంతా నీరుగారిపోయేది. మేనేజరుకి తెలిసేదే కాదు. వేళ్ళు అటు పోయాయి కూడా. కానీ అవతలివాడు నమ్మి వచ్చాడు. పగవాడి కంచంలోకైనా వంటవాడు ఉప్పు సరిగ్గానే వేయాలి. ఫర్మ్లీ అని కొట్టి, మేనేజరు చేత సంతకం పెట్టించి, ఒక ప్రతి తనే అందుకుని, అందినట్టు తనూ సంతకం పెట్టాడు. మేనేజరు అటు వెళ్ళగానే ఇంకో కాగితం ఎక్కించి, ఖాళీ చేయడానికి స్ట్రాంగ్లీ నిరాకరిస్తున్నానని జవాబు కొట్టి పంపాడు.

మర్నాడు మేనేజరు ఆ జవాబు చదివించుకోవడానికి ఆయన దగ్గరికే వచ్చాడు.

"ఏమంటాడండీ ఆయన?"

"లొంగేలా లేడు. లేచి నిలబడ్డాడు."

"పొగరుబోతా?"

"పొగరని కాదు గానీ, భాష మీద పట్టున్న మనిషి. మీరు జాగ్రత్తగా ఉండాలి."

"అయితే మనం బల్ల గుద్దుదామండీ" అన్నాడు మేనేజరు.

గుద్దారు. జవాబుగా నీళ్ళు ఎగిరాయి. పై అంతస్తులో పళ్ళ డాక్టరు కోసం వచ్చినవాళ్ళు దవడ పట్టుకునే మెట్ల దగ్గర ఆగి, ఇవాళ ఎవరి వంతని కనుక్కుని మరీ పైకెళ్ళేవారు. మూడోవారంలో ఓనరమ్మ ఫోను చేసి మేనేజరుని నానా మాటలూ అంది. ఆయన మొహం వేలాడేసుకుని వచ్చి, ఉన్నవాటిలో పెద్దదే వేసేయమనీ, తన కోసం మొహమాటపడొద్దనీ చెప్పాడు.

ఫర్మ్లీగారు కేటగారికల్లీ వేశాడు. మొత్తం నాలుగే వాక్యాలు, ఎక్కడా వేలు దూరే సందు లేదు. జన్మలో అంత చక్కటి ఉత్తరం కొట్టలేదనిపించింది. పైకి చదివి వినిపించబోతే రెండో వాక్యం దగ్గర ఆపేసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఇంత మాట అన్నాక కూడా అవతలివాడు కదలకుండా కూర్చుంటే, రేపు తన దగ్గరికొచ్చే దిక్కులేనివాళ్ళ ఉత్తరాలకి విలువెక్కడుంటుంది? ఆయన లేచి మిషను మీద గుడ్డ కప్పాడు.

మేనేజరు గాభరా పడ్డాడు. "అదేంటండీ, ఆయన జవాబు ఇవ్వడా?"

"దీనికి జవాబు లేదండీ. రాసినవాడు నాకు తెలీదూ?"

సాయంత్రానికి మెట్ల కింద ఖాళీ అయింది. మూడోనాటికి మోటారు వచ్చి కూర్చుంది. ఇంటి వసారాలో మిషను మీది గుడ్డ తీయడానికి ఫర్మ్లీగారికి ధైర్యం చాల్లేదు. వాళ్ళావిడ పుట్టింటికని పెట్టె సర్ది కనపడేచోట ఉంచింది. ఆ స్థితిలో మేనేజరు రొప్పుకుంటూ ఇంటికి వచ్చాడు. మెట్ల కింద ఉన్నాయన ఖాళీ చేశాడని ఓనరమ్మకి ఇంగ్లీషులో రాసి ఫైల్లో పెట్టాలట. ఎవరు కొడతారు? మిషను తీసుకొచ్చి తన గదిలో పెట్టమన్నాడు, ఈ ఒక్క ఉత్తరానికే.

మేనేజరు గదిలో కిటికీ ఉంది, ఫ్యాను ఉంది, కప్పు ఎత్తుగా ఉంది. ఫర్మ్లీగారు కూర్చుని సగం వాక్యం కొట్టి ఆగాడు.

"ఎలా ఖాళీ చేశాడని రాయమంటారు?"

"ఎలా ఏముందండీ, చేశాడంతే."

"అలా వదిలేస్తే ఆవిడకి అనుమానం వస్తుంది. ఇష్టపడి చేశాడా, ఏడుస్తూ చేశాడా, మీ ధాటికి తట్టుకోలేక చేశాడా?"

మేనేజరు చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఆయన్ని ఎవరూ ఎప్పుడూ ధాటి అనే మాటతో కలిపి తలుచుకోలేదు. అది బాగానే ఉంది గానీ మరీ ఎక్కువవుతుందేమో, రేపు చూద్దామన్నాడు.

పదకొండు నెలలయింది. మోటారు నీళ్ళు తోడుతోంది కాబట్టి ఓనరమ్మ ఏమీ అడగలేదు. ఇద్దరూ రోజూ పొద్దున్నే టీ తాగుతూ ఆ సగం వాక్యం ముందేసుకుని కూర్చుంటారు. మధ్యలో ఎవరైనా అర్జీలకి వస్తే ఫర్మ్లీగారు వాళ్ళ పని చూసి పంపుతాడు. ఈ మధ్య ఆయనే ఒకరోజు, పోనీ ఏదో ఒక మాట వేసి ముగించేద్దామా అన్నాడు. మేనేజరు ఒప్పుకోలేదు. తొందరపడితే ఉత్తరం పాడవుతుందన్నాడు.