మోకలో తెల్లగీతలు తుడిచిన ఆదివారం

మొన్న నా కారు టైమింగ్ బెల్టు మార్చమని వర్క్‌షాపులో ఇచ్చి వచ్చాను. సాయంత్రం అక్కడి నుంచి ఫోను. "సార్, బెల్టు వచ్చిండాది. రేపు అమావాస్య కదా, రేపే వేసేదా, ఇంట్లోవాళ్లకి పట్టింపుంటే ఎల్లుండికి పెట్టుకునేదా?" అడిగినవాడి గొంతులో మర్యాద తప్ప మరేం లేదు. నాకు మాత్రం ఒంటి మీద కారం చల్లినట్టయింది. రేపే వెయ్యమని, ఇంకోసారి నన్ను ఆ ప్రశ్న అడగవద్దని కసిరి పెట్టేశాను. అతనికేం తెలుసు, నేను కసిరింది పదిహేనేళ్ల కిందటి ఒక ఆదివారాన్నని.

అప్పట్లో గాంధీనగర్ వెనక సందులో ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులోని మెకానిక్‌ను అందరూ మేస్త్రి అనేవాళ్లు. పాత మిషను చర్చి కుటుంబం. ఆయన తాత ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చేవాడట. ఆ ఓపిక మనవడి వేళ్లలోకి దిగింది. బెల్టు మార్చే పనిలో సగం పాత బెల్టు విప్పకముందే అయిపోవాలని ఆయన పట్టుదల. కింద పిస్టన్లను ఆడించే క్రాంక్ పుల్లీ, పైన వాల్వులను తెరిచే క్యామ్ గేరు, రెంటినీ కలిపి తిప్పేది ఆ బెల్టు. కిందిది రెండు చుట్లు తిరిగితే పైది ఒక్క చుట్టు. ఈ లెక్క నాలుగు పళ్లు తప్పితే చాలు, దిగే వాల్వులూ ఎక్కే పిస్టన్లూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అందుకని మేస్త్రి స్పానరుతో ఇంజన్ను చేత్తో మెల్లగా తిప్పి, కంపెనీవాడు కొట్టిన చిన్న గుంటలు ఎదురుబొదురుగా వచ్చేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. అవి గ్రీజులో సరిగా కనబడవని, వాటి మీద తెల్ల రంగుతో వెంట్రుకంత గీతలు గీసేవాడు. కొత్త బెల్టు వేశాక మళ్లీ చేత్తోనే రెండు చుట్లు తిప్పి, గీతలు కలిస్తేనే తాళం చెవి ఇచ్చేవాడు. నేను కాలేజీలో తర్కం పేరుతో చెప్పిందంతా ఆయన ఆ రెండు చుట్లలో చేసి చూపించేవాడు.

మా మామయ్య మరో రకం. కృష్ణా డెల్టా నుంచి వచ్చి మోక అనే పల్లె దగ్గర కాలువ కింద వరి వేసి బాగుపడ్డవాడు. నన్ను తన ఇంట్లో పెట్టుకుని చదివించినవాడు. పంచాంగం చూడనిదే ట్రాక్టరు బయటికి తీయడు. శనివారం మేస్త్రి మోక వచ్చి, బెల్టు మార్చడానికి మామయ్య షెడ్డులోనే ఆయన కారు విప్పి, గుర్తులు కలిపి, గీతలు గీసి, పాత బెల్టు తీశాడు. తీశాక చూస్తే బెల్టును బిగించి పట్టే రోలరు అరిగిపోయి ఉంది. "సోమారం కొత్తది తెచ్చి ఏస్తాను. అంతదాకా ఎవురూ చెయ్యి పెట్టొద్దండప్పా, సుమ్నే, ఊరికే అట్లే ఉండనీండి," అని చెప్పి బస్సెక్కాడు.

సోమవారం అమావాస్య. ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. తెలుగూ కన్నడమూ కలిసిన మా జిల్లాలో కన్నడం మాట్లాడే లారీ ఓనర్లు అమావాస్య నాడే బండి కడిగి, గుమ్మడికాయ పగలగొట్టి, నిమ్మకాయ తొక్కించి బయలుదేరతారు. అదే రోడ్డు మీద, అదే అమావాస్య నాడు, మా డెల్టావాళ్లు బండి తాళం కూడా ముట్టరు. ఒకరికి శుభం, పక్కవాడికి అశుభం. చంద్రుడు ఇంటికొచ్చి మాతృభాష కనుక్కుని పోతాడన్నమాట. ఈ వెర్రితనం మీద నేను సభల్లో గంటలు గంటలు మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి.

మామయ్య అమావాస్య వద్దన్నాడు. మర్నాడు మంగళవారం, అదీ వద్దన్నాడు. తెల్లారితే ఆదివారం, ఆ పొద్దున మంచి ఘడియ ఉందని మేస్త్రికి ఫోను చేశాడు. ఆదివారం ఆయన పని చెయ్యడు, ఆరాధనకు పోతాడు. ఆ పట్టింపు మీద కూడా నేనొకసారి ఆయనతో వాదం పెట్టుకున్నాను. "మీరు అనేది అనుకోండి సార్. నా ఆదివారంతో ఎవురి ఇంజనూ చెడిపోలేదు," అన్నాడు. 

ఆదివారం మామయ్య ట్రాక్టరు డ్రైవరును పిలిచాడు. పూజకు ముందు శుభ్రం చెయ్యాలి కదా, కిరసనాయిలు గుడ్డతో ఇంజనంతా తానే తుడిచాడు. తెల్లగీతలు పోయాయి. బెల్టు లేని గేరు చెయ్యి తగిలితే చటుక్కున పక్కకు జరుగుతుంది, జరిగింది. తుడిచినచోట బొటనవేలితో కుంకుమ బొట్లు పెట్టాడు. "గుర్తులేవి సామీ?" అని డ్రైవరు అడిగాడు. "అవే. తెల్లగా ఉన్నచోటే బొట్టు పెట్టాను, కలిపి వేసెయ్. రోలరు పాతదే చాల్లే," అన్నాడు మామయ్య. వెంట్రుకంత గీత ఉండవలసినచోట మూడు నాలుగు పళ్లు కప్పేసే బొట్టు.

నేను అక్కడే, మడతకుర్చీలో పేపరు పట్టుకుని ఉన్నాను. "మేస్త్రి రానీ మామయ్యా," అన్నాను. "నువ్వు వ్యాసాలు రాసుకో అల్లుడూ, బండి సంగతి మేం చూసుకుంటాం," అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. కొబ్బరికాయ కొట్టారు, హారతి ఇచ్చారు, తాళం తిప్పారు. రేకుడబ్బాలో రాళ్లు పోసి ఊపినట్టు చప్పుడై, ఇంజను ఆగిపోయింది. వాల్వులన్నీ వంగిపోయాయి.

సోమవారం మేస్త్రి, జరిగింది తెలియక, అన్న మాట ప్రకారం కొత్త రోలరు పట్టుకుని వచ్చేసరికి మామయ్య షెడ్డు ముందు పదిమంది రైతులు. అందరూ ఆయన దగ్గరికి బండ్లు తెచ్చేవాళ్లే. మామయ్య అందరికీ వినబడేలా మొదలుపెట్టాడు. "కొబ్బరికాయ కొట్టకుండా ఇనుం మీద చెయ్యేశావయ్యా. నీకు మా పద్ధతులు గిట్టవు. శనివారమే ఏదో తప్పుగా పెట్టిపోయావు, ఆదివారం రమ్మంటే రాకపోతివి."

మేస్త్రి ఆ మాట పట్టించుకోకుండా ఇంజనులోకి వంగి చూశాడు. కుంకుమ మీద వేలు పెట్టి, వేలు చూసుకున్నాడు. "నా గీతలు యాడపోయినాయి?" అన్నాడు.  డ్రైవరు తల దించుకున్నాడు. మేస్త్రి నావైపు తిరిగాడు. "సార్, మీరు ఈడనే ఉంటిరి కదా. ఎవురు తుడిచిందీ, ఎవురు ఏసిందీ ఒక్క మాట చెప్పండి. వీళ్లు మీరు చెప్తే వింటారు."

అందరూ నన్నే చూస్తున్నారు. మామయ్య కూడా చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, నేను చెప్పననే ధీమా ఉంది. నా పుస్తకాలూ, నా అన్నమూ ఆయన ఇంటివి. "నేను పేపరు చదువుకుంటున్నాను. సరిగా చూడలేదు," అన్నాను.

మేస్త్రి రోలరును కాగితంలో చుట్టి సంచిలో వేసుకుని బస్సుస్టాండు వైపు నడిచాడు. కాయ కొట్టని మెకానిక్ చెయ్యి అచ్చిరాదన్న మాట కాలువ వెంబడి ఊరూరికీ పోయింది. ఏడాది తిరక్కుండా మేస్త్రి రేకుల షెడ్డు మూతపడింది. నలభై ఏళ్లు దాటిన ఆ మనిషి వేరేవాళ్ల షోరూములో బండ్లు కడిగే పనికి చేరాడు. నేనేం చేశానో కూడా చెబుతాను. ఆ దసరాకు బండ్ల పూజల మీద నిప్పులు చెరిగే వ్యాసం రాశాను. అందులో మామయ్య లేడు, మోక లేదు, మడతకుర్చీ లేదు. చాలామంది మెచ్చుకున్నారు.

తర్వాత ఒకసారి మేస్త్రి గాంధీనగర్‌లో ఎదురుపడ్డాడు. నేనే పలకరించాను. "మీరు పేపర్లో రాసింది చదివినాను సార్," అన్నాడు. "బాగుండాది. ఆ పొద్దు ఒక్క మాట చెప్పింటే అంత రాసే పని ఉండకపోవును." వెటకారం లేదు. పని తీరు చూసి చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆయన లేడు, మామయ్యా లేడు. పోయిన నెల మోకలో ఒక పెళ్లి భోజనంలో, నా పక్క కూర్చున్న కుర్రరైతు ఎవరో చర్చి మెకానిక్ కొబ్బరికాయ కొట్టక ఇంజను పాడుచేసిన కథ నాకే చెప్పాడు. ఈసారి నిజం చెప్పాను. "మీరు అప్పుడు ఉన్నారా? మరి అప్పుడే చెప్పలేదేం?" అన్నాడు. నిజం నిలకడ మీద తెలుస్తుందని జనాన్ని నమ్మించినవాళ్ల మీద నాకు పట్టరాని కోపం. అలా నమ్మిస్తూ తిరిగినవాళ్లలో నేనూ ఉన్నాను. కాలం దేన్నీ సరిదిద్దదు. ఆ రోజు గట్టిగా పలికిన మాటనే మోసుకుపోతుంది.