మైకు లేని సభలో జానకీదేవి

ఊరుకున్నంత ఉత్తమం లేదన్న సామెత జానకీదేవి బామ్మకు బాగా తెలుసు. పక్కవాళ్లకు చెప్పడానికి. న్యూజెర్సీ తెలుగు సంఘంలో ఏళ్ల తరబడి మైకు పట్టుకున్న మనిషి. డాన్సు పిల్లలు మేకప్ దగ్గర ఆలస్యం చేసినా, ముఖ్య అతిథి ట్రాఫిక్‌లో చిక్కుకున్నా స్టేజీని ఖాళీగా ఉండనిచ్చేది కాదు. సభలో నిశ్శబ్దం పడిందంటే పిలిచినవాళ్ల పరువు పోయినట్టేనని ఆవిడ సిద్ధాంతం.

కళ్లు మందగించి కారు మానేశాక, ఎవర్నీ బతిమాలకుండా తన కాళ్లతో వెళ్లగలిగిన చోటు ఒక్కటే మిగిలింది. వీధి చివర, క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల ప్రార్థన మందిరం. అక్కడ పూజారి లేడు, పాట లేదు. అందరూ బెంచీల మీద మౌనంగా కూర్చుంటారు. లోపలి నుంచి మాట తోసుకొస్తే మాత్రం ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఈ చివరి ముక్క వినగానే బామ్మకు ప్రాణం లేచొచ్చింది.

మొదటి ఆదివారం ఎవరూ లేవలేదు. పాపం, ఉపన్యాసం ఇచ్చే ఆయన రాలేదు కాబోలనుకుని బామ్మే లేచింది. కార్తీక మాసం గొప్పతనంతో మొదలుపెట్టి మోకాళ్ల నొప్పులకు వాము కాపడం దాకా చెప్పి సభ పరువు నిలబెట్టింది. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ నిలబెట్టింది.

క్వేకర్లు మర్యాదస్తులు. వద్దనలేదు. ఆత్మీయ సహచరి అని చెప్పి ఒక మనిషిని తోడిచ్చారు. ఆవిడ పేరు ఎడిత్, స్కూల్ బస్సు నడిపి రిటైరైంది. గురువారం గురువారం ఇంటికొచ్చి, పక్కన కూర్చుని వినడమే ఆవిడ పని.

సంగతి అర్థమై బామ్మ ముఖం చిన్నబోయింది.

“నా నోరు మూయించడానికే పంపారే. ఇక అక్కడికి వెళ్లను,” అంది మనవరాలు సాన్వితో.

“మరి సండేస్ ఎక్కడికి వెళ్తావ్ బామ్మా?”

బామ్మ బాధ కూడా అదే.

ఎడిత్ వచ్చింది, పెసరట్టు తింది, చెప్పిందంతా వింది. “ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?” అని బామ్మ అడిగితే నవ్వి ఊరుకుంది. ఇంకో అట్టు వేసినా లొంగలేదు.

“ఇదేం గురువే సాన్వీ! ఒక మంత్రం లేదు, ఒక ఉపవాసం లేదు. ఫ్రీగా కూడా సలహా ఇవ్వదు!”

“షీ ఈజ్ లిజనింగ్, బామ్మా. వాళ్లు సలహాలివ్వరు. నీకు నువ్వే తెలుసుకోవాలి.”

“నాకే తెలిస్తే ఆవిడకి అల్లం పచ్చడి చేసిపెట్టడం ఎందుకే?”

మరో గురువారం ఎడిత్ నోరు తెరిచింది. “జానకీ, నువ్వు లేచి మాట్లాడేటప్పుడు ఎవరిని కాపాడుతున్నావు?”

“మిమ్మల్నే! అంతమంది ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే మీ తరఫున సిగ్గుతో చచ్చిపోతున్నా.”

ఎడిత్ పొలమారేదాకా నవ్వింది. “మేం బాగానే ఉన్నాం జానకీ. ఆ నిశ్శబ్దం ఎవరికి కష్టంగా ఉంది?”

బామ్మ జవాబు వెతుక్కుంటూ అట్టు తిరగేయడం మరిచిపోయింది. అది మాడింది.

ఆ ఆదివారం మందిరంలో ఎడిత్ లేచి నిలబడింది. “మా తమ్ముడు ఈ వారం...” అంది. అక్కడే ఆగిపోయింది. అలాగే కూలబడిపోయింది.

బామ్మకు గీతా శ్లోకం, దాని తాత్పర్యం, తన మరిది పోయినప్పటి సంగతీ అన్నీ కలిసి నాలుక చివరికొచ్చేశాయి. మోకాళ్లు సగం లేచాయి. చుట్టూ చూసింది. ఎవరి ముఖంలోనూ కంగారు లేదు. గది గదంతా ఎడిత్ దుఃఖానికి చోటిచ్చి ఊరికే కూర్చుంది. వీళ్లకు మాటలు దొరక్క కాదన్నమాట!

బామ్మ లేచి, నడిచి వెళ్లి, ఎడిత్ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. చివరిదాకా పెదవి కదపలేదు.

బయటికొచ్చాక ఎడిత్ కళ్లు తుడుచుకుంటూ అడిగింది. “వచ్చే ఆదివారం వస్తావుగా?”

“రాకపోతే నీ పక్కన ఎవరు కూర్చుంటారు?”

ఇంటికి రాగానే, తను ఎలా మాట్లాడకుండా కూర్చుందో కూతురు మృదులకు ఫోన్‌లో చెప్పడం మొదలుపెట్టింది. అక్కడ అరిజోనాలోని చాండ్లర్‌లో మృదుల వంట అయింది, భోజనం అయింది, గిన్నెలు కడగడమూ అయింది. బామ్మ మౌనం ఇంకా సగంలోనే ఉంది.