కిన్నెర మీద జారిన మెట్టు

మొన్న మంగళవారం పొద్దున మా పక్కింటి తాత జనగామ దవాఖానలో పోయాడు. ఆయన కిన్నెర వాయించేవాడు. ఏడుపు ఆగకముందే ఇది రాస్తున్నాను. ఆయన చివరగా కట్టిన బాణీ ఇప్పుడు ఈ పత్రిక చదివే మీలో ఎవరిదో ఒకరి సెల్‌ఫోనులో ఉంటే ఉంది, లేకపోతే ఎక్కడా లేదు. ఫోన్లలో పాతవి చెరిపి కొత్తవి ఎక్కించుకుంటాం కదా. ఆ భయమే నన్ను కూర్చోనివ్వడం లేదు.

కిన్నెర చూడని వాళ్ల కోసం చెబుతాను. పొడవాటి వెదురు కర్ర, దాని కింద మూడు సొరకాయ బుర్రలు, పైన తీగలు. తీగను వేలితో ఒత్తే చోట చిన్న చిన్న మెట్లు ఉంటాయి. వాటిని తేనె మైనంతో అతికిస్తారు. తాత రోజూ చాయ్ తాగే ముందు మధ్య బుర్రను గోటితో కొట్టి, "లేసినవా?" అని దాన్నే అడిగేవాడు. మా అమ్మ గోడ అవతలి నుంచి, "అది ఎప్పుడో లేసింది, ముసలోడే ఇంక లేవలే" అనేది.

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. ప్రత్యేక రాష్ట్రం కోసం జనగామ బస్టాండు దగ్గర దీక్షా శిబిరం పెట్టినప్పుడు ఒక పాట రాసి తాతకు వినిపించాను. "చెలకలు విడిచి వచ్చాము" అని మొదలు. తాత తీగ మీటాడు, ఆపాడు.

"వచ్చాము అంటున్నది ఎవలే? నువ్వేనా?"

"అందరం, తాతా."

"మీ అవ్వ గట్ల అంటదా?"

"అనదు. పుస్తకంల గట్లనే రాస్తరు."

"అయితే పుస్తకాన్నే వాయించుమను, పో" అని నవ్వాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "వచ్చినం అను బిడ్డా. ‘నం’ కాడ నోరు మూసినా తీగ మోగుతనే ఉంటది. ‘ము’ కాడ తెగిపోతది."

బడిలో ఒకసారి "వచ్చినం" అన్నందుకు సారు నన్ను నిలబెట్టి క్లాసంతా నవ్వించాడు. ఇప్పటికీ రాయడానికి కూర్చుంటే నాకు పుస్తకం మాటలే వస్తాయి. తాత ఆ ‘నం’ మీదే బాణీ కట్టాడు.

పాత మెట్ల మీద అది పలకలేదు. నాలుగు రోజులు కుస్తీ పట్టి, చివరికి రెండు మెట్ల నడుమ కొత్తది ఒకటి అతికించాడు. "కొత్త పాటకు జర జాగ ఇయ్యాలె" అన్నాడు. శిబిరంలో ఆయన వాయిస్తుంటే నేను పాడాను. చుట్టూ ఫోన్లు లేచాయి. "వచ్చినం" అన్న ప్రతిసారీ పత్తి మార్కెట్ హమాలీలు గొంతు కలిపారు.

తిరిగి వచ్చేటప్పుడు వాన పడి కిన్నెర తడిసింది. మర్నాడు తాత పడుకుని ఉండగా, ఆరుతుందని నేనే దాన్ని ఎండలో పెట్టాను. మైనం సంగతే తట్టలేదు. మధ్యాహ్నానికి మెట్లన్నీ జారి ఒక పక్కకు చేరాయి. నేను ఏడుస్తుంటే, "పరేషాన్ గాకు. మెట్లు జారినయ్ గని నా చెవి జారలే గద" అన్నాడు. పాత మెట్లను రెండు రోజుల్లో మళ్లీ కూర్చోబెట్టాడు. కొత్తదాని వంతు వచ్చేసరికి జ్వరం పట్టింది.

దవాఖాన మంచం మీద నా ముంజేతిని దగ్గరికి లాక్కుని, దాని మీద వేళ్లతో ఒత్తేవాడు. "గిక్కడొకటి. గిక్కడొకటి. నడుమ గిక్కడ కొత్తది. సమజైందా?"

అయిందన్నాను. కాలేదు.

హైదరాబాద్‌లో తాపీ పని చేసే ఆయన కొడుకు పాత పాటలన్నీ వాయించగలడు. ఈ పాట మాత్రం వినలేదు. కిన్నెర ఒళ్లో పెట్టుకుని నన్ను పాడమన్నాడు. మూడుసార్లు పాడాను. "నీ గొంతు ఒక్కోపారి ఒక్కో కాడికి పోతున్నది బిడ్డా. బాపు తీగ ఒక్కసారి ఇంటే మెట్టు పెడుత" అన్నాడు. వేళ్ల మధ్య మెత్తగా చేసుకున్న మైనం ముద్దను మళ్లీ డబ్బాలో వేశాడు.

తాత నెలమాసికం దాకా కొడుకు పని మానుకుని ఇక్కడే ఉంటానన్నాడు. ఆ రోజు శిబిరంలో ఫోను ఎత్తిన వాళ్లలో మీరుంటే, దయచేసి ఒక్కసారి వెతకండి. నినాదాలూ బస్సుల హారన్లూ కలిసిపోయి ఉన్నా సరే. దొరికితే ఈ పత్రికకు రాయండి, జనగామకైనా నెల్లికుదురుకైనా మేమే వస్తాం. పొద్దున అరుగు మీద కూర్చుని కొడుకు పాత పాట ఏదో వాయిస్తుంటాడు. ఇది ఇంకా అచ్చు కాలేదని తెలిసినా, పోస్టుమాన్ సైకిల్ గంట వినపడగానే తీగ మీద అరచెయ్యి పెట్టి ఆపేస్తాడు. దొరకకపోయినా, లేదని ఒక్క ముక్క ఈ నెలాఖరులోగా రాయండి.