అమ్మ కళ్లె డబ్బీ

మనిషి ఉమ్మి పరాయి చేతికి చిక్కితే చిల్లంగి పెట్టి చంపుతారని డుంబ్రిగుడలో మా వాళ్ల భయం. అమ్మ ఉబ్బసం ఏ మందుకూ లొంగకపోయేసరికి అరకు ఆసుపత్రి డాక్టరు కళ్లె పరీక్ష రాశాడు. అమ్మ దగ్గి తీసిన కళ్లె డబ్బీని ల్యాబుకు తీసుకెళ్తుంటే, మా మేనమామ లాక్కుని గోడకేసి కొట్టాడు.

“మా అక్కని సంపేత్తావేటే గుంటా?” అని నా జుట్టు పట్టుకుని మొహం మీద గుద్దాడు. వాడికి అక్కంటే అంత ప్రేమ. ఆ ప్రేమకు నా పెదవి చిట్లింది. రక్తం మింగి, అమ్మతో మళ్లీ దగ్గించి ఇంకో డబ్బీ ఇచ్చాను. కళ్లెలో ఎలర్జీ కణాలు ఎక్కువగా ఉన్నాయని డాక్టరు పీల్చే మందు మోతాదు పెంచాడు.

నెల తిరిగాక అమ్మ తన తమ్ముణ్ణి సంత పొడవునా చెప్పుతో కొడుతూ తరిమింది. ఊపిరి కోసం ఒక్కసారి కూడా ఆగలేదు.