రాజస్థాన్ కాదు, రేగళ్ళపాలెం

దూదేకుల పీరు కూతురు జైనాబీకి కోపం తొందరగా వస్తుందనీ, వచ్చింది ఓ పట్టాన పోదనీ రేగళ్ళపాలెంలో అందరికీ తెలుసు. సత్తెనపల్లికి దగ్గర్లో, నల్లరేగడి చేల మధ్య ఉండే ఊరది. పీరు బతికున్న రోజుల్లో విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి పత్తి ఏకి పరుపులు కుట్టేవాడు. ఫోం పరుపులు వచ్చాక ఆ పని పోయింది. పత్తి ఏకే పని పోయినా బొంతలు కుట్టే పని మాత్రం జైనాబీ వదల్లేదు. పాత నూలు చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచు నుంచి అంచుకు దగ్గర దగ్గరగా దారం దూసి, నాలుగు మూలలా ఎర్రగుడ్డతో త్రికోణాలు వేసేది. ఆ త్రికోణాలు ఆమె తల్లి నేర్పినవి. చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకెవరూ అలా వేసేవారు కాదు.

భర్త అనీస్ జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. కుట్టిన బొంతల్లో చాలావరకు గుంటూరులో పరుపుల కొట్టున్న ఆమె చిన్నాన్న ఖాదర్ వలికే వెళ్ళేవి. ఆయన ఎవరికి అమ్ముతాడో ఆమె ఎన్నడూ అడగలేదు.

రెండువేల అయిదో సంవత్సరం వేసవిలో ఒక బొంత ఇచ్చిరావడానికి జైనాబీ సత్తెనపల్లి వెళ్ళింది. పురుగుమందుల డీలరు గారమ్మాయి జ్యోతిర్మయి అక్కడ నెట్ సెంటరు నడుపుతోంది. డిగ్రీ అయ్యాక పెళ్ళి సంబంధాలు చూస్తామన్న తండ్రితో పోట్లాడి పెట్టించుకున్న కొట్టు అది. అక్కకు పుట్టిన బిడ్డ కోసం ఆమె ఒక చిన్న బొంత కుట్టమంది. చేతికివ్వగానే విప్పి చూసి, "అక్కా, అచ్చం ఇట్టాంటియ్యే ఫారిన్ వాళ్ళు కంప్యూటర్లో కొనుక్కుంటన్నారు, చూద్దువుగాని రా" అంది.

జైనాబీ కుర్చీ అంచున కూర్చుని తెరవైపు చూసింది. బొమ్మలు ఒక్కొక్కటే మెల్లగా తెరుచుకుంటున్నాయి. నాలుగో బొమ్మ దగ్గర ఆమె లేచి నిలబడింది.

"ఆపమ్మా. అది నాది."

"నీదేంటక్కా?"

"ఆ వంగపండు రంగు చీర మా పక్కింటి పిచ్చమ్మది. మామిడి పిందెల అంచు చూడు. మూలల్లో ఎర్ర త్రికోణాలు చూడు. అది నా చేత్తో కుట్టిన బొంత! కింద ఏం రాశారు?"

జ్యోతిర్మయి చదవడానికి కాస్త తటపటాయించింది. "రాజస్థాన్ ఎడారి స్త్రీలు కుట్టిన పురాతన దుప్పటి అని రాశారు."

"పురాతనమా? మొన్న ఉగాదికి కుట్టా! రాజస్థాన్ ఎక్కడ, నేనెక్కడ?"

ఆమె ఇంటికి పోలేదు. అటునుంచి అటే గుంటూరు బస్సెక్కింది. ఖాదర్ వలి కొట్లో గల్లాపెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. తను బొంతలు ఒక టోకు వ్యాపారికి ఇస్తాననీ, అతను ఇంకెవరికో పంపుతాడనీ దాచకుండానే చెప్పాడు.

"పేరుదేముందే? అక్కడోళ్ళకి రాజస్థాన్ అంటే తెలుసు. రేగళ్ళపాలెం అంటే ఎవడికి తెలుసు?"

"తెలవకపోతే తెలుసుకుంటారు. నా పేరు లేకపోయినా పరవాలేదు చిన్నాన్నా. ఇంకొకళ్ళ పేరు పెట్టడమేంది?"

"అయితే నువ్వే అమ్ముకో. విమానంలో నువ్వే పంపించుకో. చూస్తా, ఎన్నాళ్ళు పంపుతావో!"

కొట్లో ఉన్న నలుగురూ నవ్వారు. జైనాబీ అరుగు మీద మడతపెట్టి ఉన్న తన బొంతలు రెండు తీసుకుని చంకన పెట్టుకుంది. "వీటికి నువ్వు ఇంకా డబ్బులియ్యలా. కాబట్టి ఇవి నావే" అని మెట్లు దిగింది.

మర్నాడు ఆ రెండు బొంతలతో నెట్ సెంటరు తెరవకముందే గుమ్మంలో నిలబడింది. జ్యోతిర్మయికి కూడా ఈ పని కొత్తే. ఇద్దరూ కలిసి ఆ వేలం సైటులో ఒక ఖాతా తెరిచారు. ఫోటో స్టూడియో అతన్ని బతిమాలి డిజిటల్ కెమెరాతో డాబా మీద ఫోటోలు తీయించారు. కింద ఏం రాయాలని జ్యోతిర్మయి అడిగితే జైనాబీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "రేగళ్ళపాలెం, గుంటూరు జిల్లా. పాత నూలు చీరలు, ఉతికినవి. కుట్టింది జైనాబీ. పురాతనం కాదు, ఈ ఏడాదిది."

మూడు వారాలు ఎవరూ పలకలేదు. నాలుగో వారంలో ఐర్లండు నుంచి బ్రిజిడ్ అనే ఆవిడ కొన్నది. ఆ రోజు నెట్ సెంటరులో పరీక్షా ఫలితాలు చూసుకోవడానికి వచ్చిన పిల్లలందరికీ జ్యోతిర్మయి చాక్లెట్ బిళ్ళలు పంచింది. అసలు పని అప్పుడే మొదలైందని వాళ్ళకింకా తెలియదు.

ఊళ్ళో పోస్టు మాస్టారు విదేశాల పార్సిళ్ళు తన దగ్గర కట్టరనీ, గుంటూరు పెద్దాఫీసుకు పొమ్మనీ చెప్పాడు. అక్కడికి వెళ్తే అట్టపెట్టెకు తెల్లగుడ్డ చుట్టి కుట్టాలన్నారు. కుట్లకు లక్క సీలు వేయాలన్నారు. లోపల ఏముందో, దాని బరువెంతో, ధరెంతో ఇంగ్లీషులో రాసిన కస్టమ్స్ కాగితం పైన అంటించాలన్నారు. ఓడలో అయితే నెలలు పడుతుంది, ఖర్చు తక్కువ. విమానంలో అయితే త్వరగా పోతుంది, ఖర్చు ఎక్కువ. ఏది కావాలో కొన్నావిడనే అడిగి, పోస్టు ఖర్చు వేరుగా ముందే చెప్పాల్సిందని అప్పుడర్థమైంది. పెట్టె బరువు కలుపుకోకుండా లెక్కవేసినందుకు మొదటి బొంత మీద మిగిలిందేమీ లేదు. జైనాబీ ఆ మాట అనీస్‌తో చెప్పలేదు. గుడ్డ కుట్టడం మాత్రం ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. కౌంటరు ముందు బల్లమీదే కూర్చుని పార్సిల్‌కు బొంత కుట్టినట్టే దగ్గర దగ్గరగా కుట్టు వేసింది.

రెండు నెలలకు ఆ పార్సిల్ తిరిగొచ్చింది. గుడ్డ చిరిగి ఉంది. పెట్టె ఒక మూల నలిగి ఉంది. పైన అంటించిన చీటీ చదివి జ్యోతిర్మయి తల పట్టుకుంది.

"అక్కా, లోపల ఏమన్నా ఆకులేశావా?"

"ఎండు వేపాకు వేశా. పురుగు పట్టకుండా. బొంత మడతల్లో ఎప్పుడూ వేస్తాంగా!"

"ఆకులూ, గింజలూ వేరే దేశానికి పంపకూడదంట. వాళ్ళు లోపలికి రానివ్వలేదు."

ఈ వార్త ఖాదర్ వలికి ఎలా చేరిందో గాని, ఆ వారం ఊళ్ళో ఓ పెళ్ళికి వచ్చినప్పుడు భోజనాల దగ్గర అందరూ వినేలా అన్నాడు. "మా జైనాబీ బొంత సముద్రం దాకా పోయి స్నానం చేసొచ్చిందంట!"

జైనాబీ విస్తరి ముందు నుంచి తల ఎత్తింది. "వచ్చింది చిన్నాన్నా. మళ్ళీ పోద్ది."

మళ్ళీ పోయింది. ఆమె బొంతను కుంకుడుకాయతో ఉతికి, డాబా మీద ఆరేసి, మడతలన్నీ దులిపి, ఒక్క ఆకు ముక్క లేకుండా చూసి, ప్లాస్టిక్ సంచీలో పెట్టి, పెట్టెలో సర్ది, కొత్త గుడ్డతో కుట్టింది. జరిగిందేమిటో బ్రిజిడ్‌కు దాచకుండా రాయించింది. ఆవిడ డబ్బు వెనక్కి అడగలేదు. ఈసారి పార్సిల్ చేరింది. ఆవిడ తన మంచం మీద పరుచుకుని ఫోటో తీసి పంపింది. కిటికీ బయట మబ్బు పట్టిన ఆకాశం, కిందుగా రాతి గోడ, మంచం మీద బొంత పైపొరగా పిచ్చమ్మదే ఇంకో చీర, ఆకుపచ్చది. ఆ ఫోటో ప్రింటు తీయించి జైనాబీ ముందుగా పిచ్చమ్మకు చూపించింది.

"ఓసినీ, నా చీర ఎక్కడెక్కడ తిరిగొస్తందో చూడు! నేను గుంటూరు దాటి ఎరగను" అని పిచ్చమ్మ పకపకా నవ్వింది. ఆ సాయంత్రమే తనకూ సూదిదారం ఇమ్మని వచ్చి కూర్చుంది.

ఆ తర్వాత ఆర్డర్లు ఒకటొకటిగా వచ్చాయి. అన్నీ సాఫీగా సాగలేదు. ఒకాయన పెద్ద బొంతలు నాలుగు తీసుకుంటాననీ, అయితే కస్టమ్స్ కాగితం మీద 'బహుమతి' అని రాయాలనీ షరతు పెట్టాడు. అలా రాస్తే అక్కడ ఆయన పన్ను కట్టక్కర్లేదు. జ్యోతిర్మయి మెల్లగా చెప్పి చూసింది.

"అందరూ అట్టాగే రాస్తారంటక్కా. మనకేం పోతుంది?"

"ఆయన నాకేమన్నా చుట్టమా, బహుమతియ్యడానికి? కళ్ళు గుంటలు పడేలా కుట్టి అమ్ముకుంటన్నా. అమ్మానని రాయి."

"నాలుగు బొంతలక్కా!"

"నలభై కానీ. నా కుట్టు ఎడారిదని వాళ్ళు అబద్ధం రాస్తే కొట్లాడా. ఇప్పుడు నా చేత్తో నేనే అబద్ధం రాయాలా?"

ఆయన కొనలేదు. ఆ నెలంతా ఇంట్లో చేతులు బిగపట్టుకునే గడిచింది. అనీస్ ఒక పూట విసుక్కున్నాడు కూడా. "పోనీ ఆ ఒక్క మాటా రాస్తే ఏమయ్యేదే?" అన్నాడు. ఆమె దారం కొరికి మళ్ళీ సూదిలోకి ఎక్కించింది. ఆయనే కాసేపటికి లేచి బొంత రెండో అంచు పట్టుకుని బిగించి కూర్చున్నాడు.

మూడేళ్ళయ్యేసరికి జైనాబీ ఇంటి వరండాలో ఆరుగురు ఆడవాళ్ళు కుడుతున్నారు. ప్రతి బొంత వెనక ఒక మూల కుట్టినామె పేరు తెలుగులో దారంతో ఉండేది. వాళ్ళలో అక్షరాలు రాని మాబూబీ కూడా తన పేరు బొమ్మలా గీయించుకుని దాని మీదే కుట్టుకునేది. గుంటూరు పెద్దాఫీసులో జైనాబీకి ఇప్పుడు వరసలో నిలబడ్డవాళ్ళే చోటిచ్చేవారు. విదేశానికి పార్సిల్ ఎలా కట్టాలో తెలియక తికమకపడేవాళ్ళను చూస్తే ఆమె ఊరుకునేది కాదు. ఒకసారి పచ్చళ్ళ జాడీలు తెచ్చినామెతో, "నూనె కారితే పక్క పార్సిళ్ళ కాగితాలూ పాడే, నీ పేరూ పాడే. ముందు జాడీ మూతలకి సీలు సరిగ్గా వేయించుకో" అని గట్టిగా చెప్పి, తనే దగ్గరుండి గుడ్డ కుట్టిచ్చింది.

రెండువేల ఎనిమిది మే నెలలో ఒక కొనుగోలుదారు సైటులో అందరికీ కనపడేలా ఫిర్యాదు రాసింది. బొంతకు అయిదు చుక్కల్లో ఒక్క చుక్కే ఇచ్చింది. కుట్లు సమానంగా లేవంది. విప్పగానే ఘాటు వచ్చి ఇంటిల్లిపాదీ తుమ్మామంది. మిరపకాయల కాలం అది. ఊళ్ళో ఏ డాబా చూసినా, ఏ కళ్ళం చూసినా ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి.

జ్యోతిర్మయి బెంగపడింది. "క్షమించమని రాసేద్దామక్కా. లేకపోతే మిగతావాళ్ళు కొనరు."

జైనాబీ కుర్చీ దగ్గరకు లాక్కుంది. ఇప్పుడామె కుర్చీ అంచున కూర్చోవడం మానేసింది.

"రాయమ్మా. అమ్మగారూ, కుట్లు సమానంగా లేవన్నారు. అవి మనిషి వేసిన కుట్లు. పిచ్చమ్మకి మధ్యాన్నం అయ్యేసరికి చూపు ఆనదు, అందుకని సగం నుంచి కుట్టు పెద్దదవుద్ది. ఘాటు సంగతి నిజమే. మాది మిరప ఊరు. మా గాల్లోనే ఆ ఘాటుంటది. దాంట్లోనే మేం పుట్టాం. రెండు రోజులు ఎండలో వేస్తే పోద్ది. పోకపోతే తిప్పి పంపండి, పోస్టు ఖర్చుతో సహా మీ డబ్బు మీకిస్తాం. కానీ అది పాడు బొంత అని మాత్రం మేం ఒప్పుకోం."

"ఇదంతా ఇట్టాగే రాయమంటావా?"

"ఇట్టాగే రాయి. ఒక్క ముక్క తగ్గించినా నాకు తెలుసుద్ది."

జ్యోతిర్మయి రాసింది. అయిదారు రోజులు ఇద్దరూ ఆ సైటు తెరవడానికి భయపడ్డారు. తెరిచేసరికి ఆ జవాబు కింద ఎవరెవరో ఏదేదో రాశారు. కొందరు నవ్వారు, ఒకావిడ తనకూ మిరప ఘాటున్న బొంతే కావాలంది. ఫిర్యాదు చేసినావిడ మాత్రం ఒక్క మాటా రాయలేదు. ఇచ్చిన ఒక్క చుక్కా తీసేయలేదు. డబ్బు వెనక్కీ అడగలేదు.

ఆ బొంత తిరిగి రాలేదు.