రింగు వద్దన్న బిగింపు బాబాయి

బస్సు డిపో షెడ్డులో బోల్టు తలకి తొడిగే ఇనప సాకెట్ కింద పడితే, చప్పుడు విని అది ఎన్నో నంబరుదో, ఎవరి చేతిలోంచి జారిందో, ఆ చెయ్యి పొద్దున ఏం తిని వచ్చిందో కూడా చెప్పగలిగినవాడు భూమ్మీద ఒక్కడే, బిగింపు బాబాయి. సరే, తిండి సంగతి కొంచెం కలిపి చెప్పిన మాట. నంబరు మాత్రం నిజం. పదిసార్లలో ఏడుసార్లు నిజం.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆయన బస్సుల కింద గుంటలో నిలబడి, మెడ పైకెత్తి, ఇంపాక్ట్ రెంచితో బోల్టులు విప్పుతూ బిగిస్తూ బతికాడు. ఆ పేరు అలా వచ్చిందే. అన్నేళ్లు చేతిలో దడదడలాడిన రెంచి, వేళ్లలోంచి స్పర్శని కొంచెం కొంచెంగా తోడేసింది. చలి ఉదయాల్లో కుడిచేతి మూడు వేళ్లు సుద్దముక్కల్లా తెల్లబడేవి. చొక్కా బొత్తాలు ఇంటావిడే పెట్టేది. ఈ సంగతి ఆయనకీ, ఆవిడకీ, బొత్తాలకీ తప్ప ఎవరికీ తెలియదు. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. తెలిసిందంటే గుంటలోంచి లాగి గేటు దగ్గర కూర్చోబెడతారు.

"గేటు దగ్గరివాడు బస్సు నంబర్లు రాసుకుంటాడు. బస్సులు వాడి మొహమైనా చూడవు" అనేవాడు బాబాయి.

ఇంతలో పక్క గుంట మెకానిక్ పొట్టిబావకి కనుబొమ్మ పగిలింది.

రెంచికీ సాకెట్‌కీ మధ్య పొడుగు రాడ్డు తగిలిస్తారు. సందుల్లోకి వంగడానికి మెడ తిరిగే స్వివెల్ ముక్క కూడా పెడతారు. వాళ్ల దగ్గరున్న వాటి కొసన చుట్టూ చిన్న రింగు ఉండేది. సాకెట్‌ని పట్టి ఉంచేది అదే. నెడితే ఎక్కుతుంది, లాగితే వస్తుంది, వేళ్లకి శ్రమ లేదు. కాని రింగు అరిగితే పట్టు పోతుంది. వంకరగా తిరుగుతున్న స్వివెల్ మీంచి సాకెట్ ఊడి ఎగిరింది. ఏడు కుట్లు పడ్డాయి.

"ఇంకో అంగుళం కిందికి తగిలుంటే మా ఆవిణ్ణి సగమే చూసేవాణ్ణి. అదీ నా అదృష్టం" అన్నాడు పొట్టిబావ, కట్టు తడుముకుంటూ.

స్టోర్స్ మేడమ్ మూడు రకాల నమూనాలు తెప్పించి బల్ల మీద పరిచింది.

"బాబాయిగారూ, మీరు ఏది చెబితే గుంటలన్నిటికీ అదే. రేపు చెప్పండి."

ఒకటి పాత రింగు రకమే, కొత్తది. ఇంకోదానికి సాకెట్‌లోంచి రాడ్డులోకి అడ్డంగా పిన్ను దూర్చి, పైన రబ్బరు వలయం తొడగాలి. గట్టిదే, కాని రోజుకి నలభైసార్లు సాకెట్ మార్చే చోట ఆ తతంగం కుదరదు. మూడోదానికి కొసన పెసరగింజంత స్ప్రింగు పిన్ను ఉంది. సాకెట్ రంధ్రంలోకి టక్కున కూర్చుంటుంది, ఎంత వంకరలో తిప్పినా ఊడదు. తియ్యాలంటే రంధ్రంలోకి సన్నటి ఇనప పుల్ల పెట్టి, పిన్నుని నొక్కిపట్టి లాగాలి. అది లోపలికి దిగిందో లేదో చెప్పాల్సింది వేలే.

ఆ సాయంత్రం బాబాయి దాన్ని ఇంటికి తెచ్చి వంటగది బల్ల దగ్గర కూర్చున్నాడు. పుల్ల జారింది. మళ్లీ జారింది. వేళ్లని వేడినీళ్లలో ముంచి వచ్చాడు. అయినా జారింది.

"కళ్లజోడు పెట్టుకుని చూసి నొక్కండి" అంది ఇంటావిడ.

"గుంటలో తలమీద బస్సుంటుందే. ఎక్కడ కనబడుతుంది?"

"అయితే రింగే అనండి. అరిగితే మారుస్తారు. మిమ్మల్ని తప్పుపట్టేదెవరు?"

"ఎవరూ పట్టరు." బాబాయి పుల్ల కింద పెట్టాడు. "అరిగిందో లేదో కూడా వేలితోనే చూడాలి. ఆ రోజు పొట్టిబావ రింగు తడిమి, బాగానే ఉంది పో అన్నది నేనే."

ఆవిడ ఆయన తడిసిన చెయ్యి తువ్వాలుతో తుడిచింది.

మర్నాడు బాబాయి షెడ్డులో అందరి ముందూ స్ప్రింగు పిన్ను రకమే కావాలన్నాడు.

"ఒకసారి తీసి చూపించండి, అందరూ నేర్చుకుంటారు" అంది మేడమ్.

పుల్ల మూడుసార్లు జారింది. నాలుగోసారి బాబాయి పళ్లు బిగించి నొక్కాడు.

"బాబాయ్, ఆపు" అన్నాడు పొట్టిబావ. "రక్తం."

పుల్ల ఎడమచేతి చూపుడువేలులో దిగబడి ఉంది. ఆ చెయ్యీ చచ్చిందని బాబాయికి అప్పుడే తెలిసింది. మేడమ్ దూది కోసం వెళ్లి, దూదితో పాటు సూపర్‌వైజర్ని కూడా తీసుకొచ్చింది.

పిన్ను సెట్లు వచ్చాయి. బాబాయి గేటుకి వెళ్లాడు. కలాన్ని పిడికిట్లో ఇరికించి బస్సు నంబర్లు రాస్తాడు, రాసింది తనకే అర్థంకాదు. ఆ పుస్తకం ఎవరూ తెరవరు కనుక ఇబ్బంది లేదు. అప్పుడప్పుడు షెడ్డు వైపు చెవి పెడతాడు. అక్కడ సాకెట్లు కింద పడటం మానేశాయి. వినడానికి ఏమీ మిగల్లేదు.

ఇదంతా రాసి, నేనే చదివి వినిపిస్తే ఆయన మొహం అటు తిప్పుకున్నాడు.

"అంతా అబద్ధం. నా వేళ్లకేం రోగం? గుంటలో ఊపిరాడక గేటు డ్యూటీ నేనే అడిగి వేయించుకున్నాను. రక్తమూ లేదు, పుల్లా లేదు. పొట్టివాడి కనుబొమ్మ తలుపు తగిలి పగిలింది."